లేచేదెవరు? లేపేదెవరు?

నిద్ర సంగతిలో మన తెలుగు చాలా తేటగా ఉంటుంది. మనంతట మనం చేస్తే లేవడం, ఇంకొకరి చేత చేయిస్తే లేపడం. అలాగే మేలుకోవడం ఒకటి, మేలుకొలపడం ఒకటి. మాటలో కాస్త మార్పు రాగానే పని చేసే మనిషి మారిపోతుంది. దుప్పటి తన్ని లేచినవాడెవరో, ఆ దుప్పటి లాగినావిడెవరో క్రియాపదమే చెప్పేస్తుంది. ‘లేపుకుపోవడం’ అనే మాట కూడా మనకుందనుకోండి... దాని జోలికి ఇప్పుడు పోను. దాన్ని నవలల్లో వాడుకుంటాను!

ఇంగ్లీషులో ఈ తేట లేదు. వేక్, అవేక్, వేకెన్, అవేకెన్ అని నలుగురు అక్కచెల్లెళ్ళున్నారు. నలుగురూ ఒకరి చీర ఒకరు కట్టుకు తిరుగుతుంటారు. లేచినా వాళ్ళే, లేపినా వాళ్ళే. ఎవరు ఎవరో పోల్చుకోవడం ఇంగ్లీషువాళ్ళకే కష్టం. వాళ్ళ పక్కన కాస్త బిగువుగా నిలబడ్డ మాట ఇంకొకటుంది. అది ‘రౌజ్’. నిఘంటువు తీస్తే నిద్ర లేపు, కదిలించు, ఉసిగొలుపు, రేకెత్తించు అని అర్థాలు కనిపిస్తాయి. అన్నీ ఒకరు ఇంకొకరికి చేసే పనులే. నాకు నిఘంటువుల్లో మాటల పుట్టింటి వివరాలు వెతికే పిచ్చి ఉంది. అలా వెతికితే, ఈ మాట పుట్టింట్లో ఉన్నప్పుడు ఎవరినీ లేపేది కాదని తెలిసింది. తనంతట తానే లేచేది.

దాని పుట్టిల్లు పదిహేనో శతాబ్దపు ఇంగ్లండు. ఆ రోజుల్లో దొరలూ దొరసానులూ ముంజేతి మీద డేగను కూర్చోబెట్టుకుని వేటకు వెళ్ళేవాళ్ళు. ఆ డేగ ఒక్కోసారి ఒంటి మీది ఈకలన్నీ నిక్కబొడిచి, చూస్తుండగానే బంతిలా ఉబ్బి, ఒక్క విదిలింపు విదిలిస్తుంది. వెంటనే ఈకలన్నీ మళ్ళీ దేని చోట అది సర్దుకుంటాయి. తలంటు పోసుకున్న ఆడపిల్ల జుట్టు విదిలించుకున్నట్టన్నమాట. దాన్నే ‘రౌజ్’ అన్నారు.

1486లో సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్ళో ఒక పుస్తకం అచ్చయింది. డేగల పెంపకం, వేట, వంశచిహ్నాలు అందులోని విషయాలు. జులియానా బెర్నర్స్ అనే ఒక సన్యాసిని దాన్ని రాసిందని చాలాకాలం చెప్పుకున్నారు. అందులో ఆమె పాలెంతో తేల్చడం కష్టమని పండితులంటారు గానీ, ఆ పుస్తకంతో ముడిపడి నిలిచిన పేరు మాత్రం ఆడదానిదే. ఏ జంతువు చేసే పనిని ఏ మాటతో చెప్పాలో అందులో శ్రద్ధగా నేర్పారు. డేగ ఒళ్ళు విదిలించుకుందనకూడదు, ‘రౌజ్’ అయిందనాలి. ఇలాంటివి మనకేం కొత్త? దీపం ఆరిపోయిందంటే పెద్దవాళ్ళు ఊరుకుంటారా? కొండెక్కిందనాలి. బియ్యం అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి. అక్కడ దొరతనం మాటల్లో తెలిసిపోయేది, ఇక్కడ పెంపకం తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. వేట డేగల్లో ఆడదే పెద్దది, బలమైనది. మగది దాదాపు మూడో వంతు చిన్నగా ఉంటుంది. వేటగాళ్ళ వాడుకలో ‘ఫాల్కన్’ అంటే ఆడదే, మగదానికి ‘టియర్సెల్’ అని వేరే పేరు. ఆ ఆడ డేగ ఒళ్ళు విదిలించుకోవడం ఎవరి ఆజ్ఞ వల్లా జరగదు. దాన్ని పెంచినవాడు గదమాయించినా, బుజ్జగించినా లాభం లేదు. కాచుకుని కూర్చోవలసిందే. అది ఈకలు విదిలించుకుందంటే భయం తీరింది, మనసు కుదుటపడింది, ఎగరడానికి సిద్ధంగా ఉంది అని వాడికి గుర్తు. డేగలు పెంచేవాళ్ళు ఇప్పటికీ ఆ విదిలింపు కోసమే ఎదురుచూస్తారు.

తర్వాత ఆ మాట వేటకుక్కల వెంట పరిగెత్తింది. పొదలో దాక్కున్న జంతువును అదిలించి బయటికి తరమడానికి వేటగాళ్ళకు రకరకాల మాటలుండేవి. కుందేలుకొకటి, నక్కకొకటి. లేడికి వాడింది ‘రౌజ్’. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. డేగ తనంతట తాను విదిలించుకుంది. లేడినో? అదిలించారు. కర్తగా పుట్టిన మాట కింద ఒక కర్మ వచ్చి చేరింది. పదహారో శతాబ్దం చివరికి అడవి దాటి ఇళ్ళల్లోకి కూడా వచ్చింది. పడుకున్న మనిషిని లేపడమూ ‘రౌజే’, మందకొడిగా ఉన్న జనాన్ని ఉసిగొలపడమూ ‘రౌజే’.

దాని ముందు ‘అ’ చేర్చి ‘అరౌజ్’ అని మొదట రాసినవాడుగా షేక్‌స్పియర్ పేరు చెబుతారు. 1590లలో రాసిన ‘ఆరో హెన్రీ’ నాటకం రెండో భాగంలో ఉంది. మరి ఈ రెండింటికీ తేడా ఏమిటి? ఇంగ్లీషు వాడుకకు పెద్ద దిక్కనిపించుకున్న ఫౌలర్ 1926లో తన పుస్తకంలో తేల్చిందేమిటంటే, మనిషినో జంతువునో లేపితే ‘రౌజ్’, అనుమానం, భయం లాంటివాటిని లేపితే ‘అరౌజ్’. మన భాషలో చెప్పుకుందాం. పక్కింటి పిల్లాణ్ణి వాళ్ళమ్మ నిద్ర లేపితే ‘రౌజ్’. ఆ పక్కింటావిడ రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు ముస్తాబై ఎక్కడికి వెళుతుందా అని మనలో కుతూహలం లేస్తే ‘అరౌజ్’. ‘అరౌజ్’కు ఇటీవలి కాలంలో శృంగారం వాసన కూడా అంటుకుంది. కాబట్టి పిల్లల్ని బడికి లేపామని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఆ ‘అ’ తగిలించకుండా ఉండడమే క్షేమం!

సైన్యంలోనూ ఈ మాట ఉంది. తెల్లవారగానే సిపాయిలను పక్కల మీంచి లేపడానికి బ్రిటిష్ సైన్యంలో ఊదే ఒక బాకా పాట పేరే ‘ది రౌజ్’. మొదటి ప్రపంచయుద్ధంలో కాల్పులు ఆగింది 1918 నవంబరు 11న. ఆ రోజును తలుచుకుంటూ ఏటా చేసే సభల్లో చాలాచోట్ల ముందు ‘లాస్ట్ పోస్ట్’ ఊదుతారు. అది రోజు ముగిసిందని చెప్పే పాట. తర్వాత మౌనం. ఆ మౌనం చివర ‘రౌజ్’ వినిపిస్తుంది. ఇక ఎన్నటికీ లేవని కొడుకుల పేర్ల ముందు నిలబడి, లేవండి లేవండి అని బాకా ఊదడం! దాన్ని ఏర్పాటు చేసినవాళ్ళు పునరుత్థానాన్ని తలుచుకుని ఉంటారు. వినే తల్లులు ఏం తలుచుకునేవాళ్ళో మరి.

సిపాయిలకు బాకా ఉంది. చలికాలంలో అయిదింటికే లేచి మిల్లుకు పరిగెత్తవలసిన ఆడకూలీని ఎవరు లేపాలి?

పందొమ్మిదో శతాబ్దంలో మాంచెస్టర్ చుట్టుపక్కల నూలు మిల్లులు పెరిగాక, నిద్రకు కూడా వెల కట్టవలసి వచ్చింది. ఆలస్యమైతే గేటు మూసేవారు, కూలి కోసేవారు. అలారం గడియారాలు లేకపోలేదు. 1787లో అమెరికాలో లెవై హచిన్స్ అనే ఆయన తన కోసం ఒకటి చేసుకున్నాడు. అది తెల్లవారుజామున నాలుగింటికి మాత్రమే మోగుతుంది, ఇంకే వేళకూ మోగదు. కావలసిన వేళకు తిప్పి పెట్టుకునేదానికి 1847లో ఫ్రాన్సులో రెడియే పేటెంటు తీసుకున్నాడు. కానీ కూలిజనానికి వాటిని కొనే తాహతేదీ? అందుకని మనిషినే గడియారంగా పెట్టుకున్నారు. ఆ మనిషిని ‘నాకర్ అప్’ అనేవారు.

పొడవాటి వెదురు కర్ర, దాని చివర తీగలు. వీధిలో నిలబడి మేడ మీది కిటికీ అద్దాన్ని టకటకా కొట్టడమే ఉద్యోగం. తలుపు బాదకూడదు. బాదితే డబ్బివ్వని పక్కింటివాళ్ళు కూడా లేచి కూర్చుంటారు! ముసలివాళ్ళు, మగా ఆడా, ఈ పనిలో ఎక్కువగా ఉండేవారు. తెల్లవారుజామున గస్తీ తిరిగే పోలీసులు కూడా నాలుగు డబ్బులొస్తాయని ఈ పని చేసేవారు. ఫెరీహిల్ లాంటి బొగ్గుగనుల ఊళ్ళల్లో అయితే ఇంటి బయటి గోడకు పలక బిగించి ఉండేది. గనిలోకి వెళ్ళే మనిషి తన షిఫ్టు వేళ దాని మీద సుద్దముక్కతో రాసి పడుకునేవాడు. మనం పాలవాడి కోసం గుమ్మం దగ్గర చీటీ పెట్టినట్టు.

వీళ్ళల్లో బాగా పేరొచ్చింది లండన్ తూర్పు పేటల్లో ఉండే మేరీ స్మిత్‌కి. ఆవిడ ఫొటో ఒకటుంది. టోపీ పెట్టుకున్న పెద్దావిడ తల పైకెత్తి, మన పొయ్యి దగ్గరి ఊదుగొట్టం లాంటి పొడుగు గొట్టాన్ని నోట పెట్టుకుని నిలబడి ఉంటుంది. అందులోంచి ఎండు బఠాణీ గింజలు కిటికీ అద్దాల మీదికి ఊదేది. వారానికి ఆరు పెన్నీలు వచ్చేవని చెబుతారు. మనవాళ్ళు ఊదుగొట్టంతో నిప్పును లేపితే, ఆవిడ మనుషుల్ని లేపింది.

ఈ ‘నాకప్’ మాటతో ఒక చిక్కుంది. ఇంగ్లండులో ఆడమనిషి ‘రేపు ఏడింటికి నన్ను నాకప్ చేయండి’ అంటే తలుపు తట్టి లేపమని. అదే మాట అమెరికాలో అంటే విన్నవాళ్ళ చెవులు ఎర్రబడతాయి. అక్కడ దాని అర్థం కడుపు చేయడం. మన ‘లేపుకుపోవడం’ ఒక్కటే వింత అనుకోనక్కరలేదు!

ఆ రోజుల్లో ఇంగ్లండులో నోరు తిరగని పాట ఒకటి ఉండేది. అందరినీ లేపే మనిషిని ఎవరు లేపుతారు, ఆ లేపినవాణ్ణి మళ్ళీ ఎవరు లేపుతారు అన్నది దాని సారం. నిజానికి సమాధానం తేలికే. వాళ్ళల్లో చాలామంది రాత్రంతా మేలుకుని ఉండి, ఊరంతా పనికి వెళ్ళాక పడుకునేవారు. ఆ పాట విన్న తెలుగు ఆడదానికి నవ్వు రాదు. ఆయనకు కాఫీ వేళకు, పిల్లలకు బడి వేళకు, మామగారికి సంధ్యావందనం వేళకు ఇల్లంతటినీ లేపేవాళ్ళం మనం. మనల్ని లేపేదెవరు అన్న ప్రశ్న ఏ ఇంట్లోనూ ఎవరికీ తట్టదు. పైగా వాళ్ళకు వారానికి ఆరు పెన్నీలైనా వచ్చేవి!

నిద్రకు వెల అన్నాను కదా. ఆ లెక్క ఎంతో కచ్చితంగా రాసిపెట్టిన ఒకావిడ ఉంది. 1888లో లండన్ తూర్పు పేటలోనే బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి ఆడకూలీల గురించి అనీ బిసెంట్ తన పత్రికలో రాసింది. వేసవిలో ఆరున్నరకు పని మొదలు. ఆలస్యంగా వచ్చిన పిల్లను పూటంతా బయటే ఉంచి, రోజుకొచ్చే ఎనిమిది పెన్నీల్లో అయిదు కోసేవారట. ఆ పైన మాట్లాడితే జరిమానా, పుల్లలు కింద పడితే జరిమానా. వీటికి తోడు తెల్ల భాస్వరం వల్ల దవడ ఎముక కుళ్ళిపోయే రోగం.

ఆ వ్యాసం అబద్ధమని సంతకాలు పెట్టమన్నారు యజమానులు. ఆడవాళ్ళు పెట్టలేదు. జూలైలో సుమారు 1400 మంది పని మానేసి బయటికొచ్చారు. రెండు మూడు వారాలకల్లా జరిమానాలు పోయాయి, తిండి తినడానికి వేరే గది వచ్చింది, సంఘం కూడా వచ్చింది. యజమానులేమన్నారో ఊహించండి... బయటివాళ్ళెవరో వచ్చి వీళ్ళను రెచ్చగొట్టారన్నారు. అంటే ‘రౌజ్’ చేశారని. తర్వాత మెచ్చుకున్నవాళ్ళు కూడా బిసెంట్ వాళ్ళను మేలుకొలిపిందనే రాశారు. చూశారా, తిట్టినవాళ్ళూ పొగిడినవాళ్ళూ వాడింది ఒకే క్రియాపదం! కానీ ఈ శతాబ్దంలో లూయిజ్ రా అనే చరిత్రకారిణి ఆ కాగితాలన్నీ మళ్ళీ తిరగేసి, సమ్మెకు దిగింది ఆ ఆడవాళ్ళ సొంత నిర్ణయమేననీ, బిసెంట్ ముందుగా కోరింది సమ్మెను కాదనీ వాదించింది. లేళ్ళని అందరూ అనుకున్నారు గానీ, వాళ్ళు డేగలు.

ఆ అనీ బిసెంటే 1893లో మన దేశానికి వచ్చి, చివరిదాకా ఇక్కడే ఉండిపోయింది. 1913లో మద్రాసులో బాల్యవివాహాలు, ఆడపిల్లల చదువు, అంటరానితనం గురించి ఉపన్యాసాలిచ్చి పుస్తకంగా వేసింది. దాని పేరు ‘వేక్ అప్, ఇండియా’. ఆవిడ చేసిన మేలు తక్కువేమీ కాదు. కానీ ఆ పేరు దగ్గర నేను కాసేపు ఆగిపోతాను. అప్పటికి కందుకూరి వీరేశలింగంగారు ‘వివేకవర్ధని’ మొదలుపెట్టి 39 ఏళ్ళు. రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగింది 1881లో. ఆడవాళ్ళ కోసమని ‘సతీహితబోధిని’ వచ్చింది 1883లో. ఇక భండారు అచ్చమాంబగారు? చిన్న వయసులోనే పెళ్ళయి, ఇంట్లో అక్షరాలు నేర్చుకుని, మనవాళ్ళ స్త్రీల చరిత్రలు రాసి, 1902లోనే బందరులో స్త్రీసమాజం పెట్టడంలో ముందున్నారు. వీళ్ళ కిటికీ మీద బఠాణీ గింజలు ఎవరు ఊదారు? కొందరు లేచి దీపాలు పెట్టుకుని పని చేసుకుంటుండగా, వీధిలోంచి ఎవరో లేవండని కేకేసినట్టుంది ఆ పేరు.

బిసెంట్ 1915లో మదనపల్లెలో పెట్టిన కళాశాలలోనే ఈ మాటకు అందమైన ఘట్టం ఒకటి జరిగింది. 1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో అలసిపోయిన రవీంద్రనాథ్ టాగూరు విశ్రాంతికి అక్కడికి వచ్చాడు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ ఐర్లండు మనిషి, సంగీతంలో పట్టభద్రురాలు, ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడి జైళ్ళు చూసివచ్చిన ధీర. ఒకనాడు విద్యార్థుల సభలో టాగూరు తన ‘జనగణమన’ పాడి వినిపించాడు. మదనపల్లెలో ఉండగానే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, ‘భారతదేశపు ఉదయగీతం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మార్గరెట్ దానికి స్వరాలు రాసింది. 1911లో కలకత్తా కాంగ్రెసులో మొదట పాడిన ఆ పాట 1950 జనవరి 24న జాతీయగీతమైంది.

మనం చిన్నప్పట్నుంచీ పాడుతున్న ఆ పాటలో ‘జాగే’ అనే మాట గుర్తుందా? మేలుకుంటాయి అని దాని అర్థం. పంజాబు, సింధు, గుజరాత్, మరాఠా, ద్రావిడం, అన్నీ ఆ పేరు వింటూ తమంతట తామే మేలుకుంటాయి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి టాగూరు అక్కడ వాడిన క్రియాపదం ఏమిటో తెలుసా? మన ‘రౌజే’! ఆ పేరు అందరి హృదయాలనూ లేపుతుంది అని. బెంగాలీలో లేచిన జనం ఇంగ్లీషులో లేపబడ్డారు. కవి తప్పు చేశాడనడం లేదు. ఒకే మనిషి, ఒకే పాట, రెండు భాషల్లో రెండు రకాలుగా నిలబడింది. ఆ మొదటి రూపాన్నే మనం పాడుకుంటున్నాం, అదే నాకు సంతోషం.

చరిత్ర పుస్తకాలు లేపినవాళ్ళ పేర్లే రాస్తాయి. ఫలానాయన స్త్రీలను మేలుకొలిపాడు, ఫలానావిడ జాతిని జాగృతం చేసింది... లేచినవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. వాళ్ళు 1400 మంది అనే అంకెగా మిగిలిపోతారు. కానీ ఎంత తట్టినా, ఎంత ఊదినా, లేచే పని మాత్రం పడుకున్న మనిషే చేయాలి. కిటికీ అవతలి నుంచి ఎవరూ చేసిపెట్టలేరు.

పెద్ద నిఘంటువుల్లో ‘రౌజ్’ కింద ఆ డేగ అర్థం ఇప్పటికీ ఉంది, ఏ మూలో చిన్న అక్షరాల్లో. అదే నాకు అసలు అర్థంగా కనిపిస్తుంది. రేపు పొద్దున్న ఇంట్లోవాళ్ళను లేపబోయే ముందు, మనం కూడా ఒక్క నిమిషం వాకిట్లో నిలబడి ఆ ఈకలేవో ఒకసారి విదిలించుకుంటే సరి. కాఫీ కాస్త ఆలస్యమైతే కొంపలేమీ మునిగిపోవు.